తిరుగుదారి

మా ఇంట్లో ఒక స్టీలు తాంబాళం ఉండేది. అమ్మ ధర్మవరం నుంచి పెళ్లికి తెచ్చుకున్నది. లోపలి అంచున తాత పేరు చుక్కలతో కొట్టించి ఉండేది. నా పదిహేడో ఏట దాంట్లో ఫెరిక్ క్లోరైడ్ కలిపాను. రాగిని తినే ఆ మందు స్టీలును కూడా వదలదని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. అరగంట తర్వాత చూస్తే బోర్డు మీద రాగి సగమే పోయింది. తాంబాళం మాత్రం నల్లబడి గరుకు తేలింది, తాత పేరులో రెండక్షరాలు మాయమయ్యాయి. మాది హిందూపురం, చింతపండు మార్కెట్ ఉన్న ఊరు. ఆ మందు కూడా అచ్చం చిక్కటి చింతపండు పులుసు రంగులోనే ఉంటుంది. అమ్మ మొదట పులుసే అనుకుని దగ్గరికొచ్చింది. ఆ తర్వాత జరిగింది రాయను.

తాంబాళంలో తేలుతున్నది ఆంప్లిఫయర్ బోర్డు. గోధుమరంగు బేకలైటు అట్ట, దానికి ఒకవైపు అంటించిన రాగి రేకు. తీగ ఉండాల్సిన చోటల్లా రంగు పూసి మందులో ముంచితే రంగు కింద దాక్కున్న రాగి మిగులుతుంది, తక్కినది కరిగిపోతుంది. ఈ ఉపాయానికి పేరు తెచ్చినవాడు వియన్నాలో పుట్టిన పాల్ ఐజ్లర్. ముద్రణ పని తెలిసిన మనిషి కాబట్టి తీగల్ని కూడా అచ్చేయొచ్చని తోచింది. లండన్‌లో 1936లో అట్లాంటి బోర్డుతో ఒక రేడియో చేశాడు, 1943లో పేటెంటుకు పెట్టాడు. ఆయన అచ్చేశాడు, నేను అక్క గోళ్లరంగుతో గీశాను. అక్క కోపం ఇంకో కథ.

అప్పట్లో, అంటే 1980ల చివర్లో, మా వైపు పాట గట్టిగా వినాలంటే మైకుసెట్టు అద్దెకు తెచ్చుకోవాలి, లేదా ఆంప్లిఫయర్ సొంతంగా కట్టుకోవాలి. కట్టుకునే పిల్లకాయలకు బడి, గుడి అన్నీ మైకుసెట్టు అంగడే. మా వీధి చివరి అంగడి అన్నకు పెళ్లిళ్లు, జాతర్లు, వినాయకచవితి రోజుల్లో ఊపిరి ఆడేది కాదు. మిగతా రోజుల్లో రేడియోలు, టేపురికార్డర్లు బాగు చేసేవాడు. సామాన్లన్నీ బెంగళూరు ఎస్.పి. రోడ్డు నుంచి వచ్చేవి. పొద్దున రైలుకు పోయి, రాత్రి రైలుకు సంచి నిండా ట్రాన్సిస్టర్లతో దిగేవాడు. ఆయన దగ్గర 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ' పాత సంచికలు గుట్టగా ఉండేవి. వాటిలో సర్క్యూట్ పటంతో పాటు బోర్డు బొమ్మను కూడా అసలు కొలతలో అచ్చేసేవాళ్లు. కార్బన్ కాగితం పెట్టి రాగి మీదికి దించుకుంటే సరి.

నా మొదటి ఆంప్లిఫయర్‌కు మాత్రం బోర్డు లేదు. రెండు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, ఇనుప టోపీలు పెట్టుకున్నట్టుండే ఆ 1960ల నాటి అమెరికా సరుకే, అల్యూమినియం రేకుకు బిగించి, మిగతావన్నీ ట్యాగ్ స్ట్రిప్పుకు అతికి, తీగల్ని గాల్లోనే కలిపాను. చూడ్డానికి కాకిగూడు. పలకడం మాత్రం శుభ్రంగా పలికింది. 'శంకరాభరణం' క్యాసెట్ పెడితే పాట మొదలయ్యే ముందు టేపు గీసుకునే చప్పుడు కూడా విడిగా వినబడేది. నాకు ఆ కాకిగూడు నచ్చలేదు. పటం ఎంత పొందిగ్గా ఉంటుంది, నా పని ఎంత అసహ్యంగా ఉంది అనిపించింది. అందుకే తాంబాళం, అందుకే గోళ్లరంగు. రెండోది బోర్డు మీద కట్టాను. ఎడమ సగం కుడి సగానికి అద్దంలో నీడలా, చుట్టూ అంచు వెంబడి ముగ్గు గీతలాగా ఒక లావు గీత. ఆ లావు గీత ఎర్తు. ఎర్తు ఎంత లావుగా ఉంటే అంత మంచిదని ఎక్కడో చదివాను. ఆ బోర్డును ఇప్పటికీ దాచుకున్నాను. నా చేతి పనుల్లో అంత అందమైనది మరొకటి లేదు.

దాన్ని శ్రీరామనవమికి భజన మందిరంలో పెట్టాం. మైకుసెట్టు గొట్టాలు కాకుండా నేను కట్టిన చెక్కపెట్టె స్పీకర్లు. స్విచ్ వేయగానే గుయ్యిమంది. పాట వస్తున్నంతసేపూ పాట కింద దాక్కుంటుంది, పాట ఆగగానే మళ్లీ పైకి తేలుతుంది. భజన మధ్యలో పూజారి నోరు తెరిచి మంత్రం అందుకునే లోపు ఆ ఖాళీ అంతా దానిదే. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, హార్మోనియం తాత మెట్లు నొక్కి చూసుకుని, "అట్లే ఉండనీ అబ్బీ, శ్రుతి బాగుండాది" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడని చాలా ఏళ్లు అనుకున్నాను. తర్వాత లెక్క చూస్తే ఆయన చెప్పింది నిజమే. ఆ గుయ్యి సెకనుకు 100 కంపనాలు, ఐదు శ్రుతికి కొంచెం పైన.

అంగడి అన్న మరుసటి రోజు దాన్ని బల్ల మీద పెట్టుకున్నాడు. ఇన్‌పుట్ కొసలు రెండూ కలిపి కట్టేశాడు. గుయ్యి పోలేదు. "టేపురికార్డర్ది తప్పు లేదు, జబ్బు ఇంట్లోనే ఉండాది" అన్నాడు. స్పీకరుకు చెవి పెట్టి, "ఇది కరెంటు తీగ దగ్గరుండి వచ్చే సన్న హమ్ము గాదు, దీంట్లో గరగర ఉండాది చూడు, డయోడ్ల నుంచి వస్తాండాది" అన్నాడు. 50కి, 100కి తేడా ఆయనకు మీటరు లేకుండానే తెలుసు. తర్వాత గోరు కొరుక్కుంటూ నా అందమైన లావు గీత వెంబడి చూపు నడిపించాడు. ఒక చోట ఆగాడు. బ్లేడు తీసి నా గీతను అడ్డంగా కోసేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ నడిమి తీగను బోర్డు అంచు నుంచి పీకి, రెండు ఫిల్టర్ కెపాసిటర్లు కలిసే చోట నేరుగా అతికాడు. స్పీకరు నుంచి తిరిగొచ్చే తీగను కూడా అక్కడికే తెచ్చాడు. స్విచ్ వేశాడు. ఏమీ లేదు. స్విచ్ పడలేదేమో అనుకున్నాను.

"లారీలు తిరిగే దార్లో పసిబిడ్డకు ఉయ్యాల కట్టినావు గదప్పా" అన్నాడు.

ఆయన చెప్పని లెక్క ఇది. స్తంభం నుంచి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. డయోడ్లు దాన్ని ఒకే దిక్కుకు తిప్పితే సెకనుకు 100 గుక్కలవుతుంది. ఫిల్టర్ కెపాసిటర్ కుండ లాంటిది. ఆంప్లిఫయర్ దాంట్లోంచి ఎడతెగకుండా తాగుతుంది గానీ కుండ నిండే తీరు వేరు. వోల్టేజీ శిఖరానికి చేరిన ఆ కాసింత సేపట్లోనే బిందెతో గుమ్మరించినట్టు పడుతుంది. పాట లేకుండా ఊరికే ఉన్న ఆంప్లిఫయర్‌లో కూడా ఆ గుమ్మరింపు 1 యాంపియర్‌ దాకా ఉండొచ్చు, పాట జోరు మీదున్నప్పుడు 10 దాటొచ్చు. ఇక రాగి. బోర్డు మీది రాగి మందం 35 మైక్రాన్లు, మనిషి వెంట్రుక కంటే సన్నం. 3 మిల్లీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల పొడవున్న గీతకు నిరోధం దాదాపు 5 మిల్లీ ఓమ్‌లు. దాన్ని ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా? 1 యాంపియర్ పోతే 5 మిల్లీ వోల్టులు. నేను ఇన్‌పుట్ ఎర్తును సరిగ్గా ఆ దారి మధ్యలో అతికాను. ఆ 5 మిల్లీ వోల్టులు పాటతో పాటు లోపలికి పోయాయి. ఆంప్లిఫయర్ ముప్పై రెట్లు పెంచేది. దానికి పాటేదో గుయ్యేదో తెలియదు, వచ్చినదాన్ని వచ్చినట్టు పెంచడమే దాని ధర్మం. ముప్పై ఐదులు నూటయాభై. 0.15 వోల్టు చాలు, భజన మందిరమంతా వినబడడానికి. మైకుసెట్టు గొట్టాలు అంత లోతు శబ్దాన్ని పలకనే పలకవు, కాబట్టి అన్న సెట్లలో ఈ జబ్బు ఉన్నా ఎవరికీ తెలిసేది కాదేమో. ఈ మాట ఆయన ముందు ఎన్నడూ అనలేదు.

కాకిగూడు ఎందుకు పలికిందో కూడా అప్పుడు తెలిసింది. దాంట్లో ప్రతి తీగనూ వేరే దారి లేక నేరుగా కెపాసిటర్ కాళ్లకే అతికాను. బుద్ధి లేక చేసిన పని మంచి పని అయింది. బుద్ధి వచ్చాక అందం కోసం చెడగొట్టుకున్నాను.

ఇదంతా ఒక తప్పు, ఒక దిద్దుబాటు అని సరిపెట్టుకుని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. ఆ ఎండాకాలం ధర్మవరం పోయాను. మా మామ, అమ్మకు తమ్ముడు, పట్టుచీరెలకు డిజైన్లు గీసేవాడు. మగ్గాల మీద కూచునేవాళ్లు ఆ ఊర్లో వీధికెంతమందో, వాళ్ల చేతికి బొమ్మ గీసిచ్చేవాళ్లు కొద్దిమంది. మామ పని అంతా గ్రాఫ్ కాగితం మీద. ఒక్కో గడి ఒక్కో పోగు. గడి నింపితే పడుగు పోగు పైకి లేవాలి, వదిలేస్తే కిందుండాలి. ఆ గడుల ప్రకారం అట్టలకు తూట్లు కొట్టి, అట్టల్ని దండగా కుట్టి, మగ్గం నెత్తిన జాకార్డు పెట్టెకు ఎక్కిస్తారు. తూటు ఉన్న చోట కొక్కెం పోగును లేపుతుంది. 1804లో ఫ్రాన్సులో లియోన్ పట్టు నేతగాళ్ల ఊర్లో జాకార్ తెచ్చిన పద్ధతి అది. కొంగు మీద ఒక నెమలి తల తిప్పాలంటే మామ వారం రోజులు గడులు లెక్కపెట్టుకునేవాడు.

నా దగ్గరా గ్రాఫ్ కాగితమే. బోర్డు గీసేవాడికీ గడులే ఆధారం. ఐసీ కాళ్ల మధ్య దూరం అంగుళంలో పదో వంతు, 2.54 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్ల గ్రాఫ్ మీద రెండున్నర గడులనుకుని గీస్తే ఎనిమిది కాళ్ల ఐసీకి ఇబ్బంది లేదు గానీ, నలభై కాళ్ల దానికి చివరికొచ్చేసరికి ముప్పావు మిల్లీమీటరు తప్పి కాళ్లు రంధ్రాల్లో దిగవు. ఆ రెండు గ్రాఫులూ ఒకే చాప మీద పరుచుకుని మామ నెమలి, నేను ఆంప్లిఫయర్ గీసుకుంటున్నాం. కాసేపటికి ఆయన నా కాగితం మీదికి వంగాడు. కరెంటు సంగతి ఆయనకు ఫ్యూజు మార్చేంత వరకే తెలుసు. పెన్సిలు మొనతో ప్లస్ దగ్గర మొదలుపెట్టి గీత వెంబడి పోయాడు.

"ఇక్కడ బయల్దేరె. ఇట్ల పాయ. ఈడికొచ్చి ఈ మూడు గీతల కాడ నిలబడిపాయ. మళ్లా యెట్ల వస్తాది?"

"అది ఎర్తు మామా. అక్కడికి పోతే అయిపోయినట్లే."

"అయిపోయేదేందిరా? పేక పోయిందంటే మళ్లా రావల్ల. రాకపోతే చీరె యాడుంటాది, పోగులుంటాయి గాని."

నాకు నవ్వొచ్చింది. సగం నవ్వులోనే ఆగిపోయింది.

సర్క్యూట్ పటంలో ఎర్తుకు ఒక గుర్తుంటుంది. ఒకదాని కింద ఒకటి మూడు అడ్డగీతలు, కిందికి పోయేకొద్దీ పొట్టివి. పటమంతా ఆ గుర్తు పది చోట్ల వేసి, ఆ పది చోట్లూ ఒకటేనని నమ్మిస్తారు. తీగల అవస్థ తప్పించే ఏర్పాటది. దీని మూలం టెలిగ్రాఫు రోజుల్లో ఉంది. జర్మనీలో స్టైన్‌హైల్ 1838లో కనిపెట్టాడు, వార్త పంపడానికి రెండు తీగలు అక్కర్లేదు, ఒకటి చాలు, రెండో దారి భూమే చూసుకుంటుందని. సగం తీగ ఖర్చు మిగిలింది. అప్పటి నుంచి మనకు భూమి అంటే ఏం పోసినా ఇంకిపోయే గుంత. పంపినవాడు పంపి చేతులు దులుపుకోవచ్చు. టెలిగ్రాఫుకు అది సరిపోయింది. అరచేతంత రాగి మీద 10 యాంపియర్లు తిరిగేచోట సరిపోదు. ఎర్తు అనే గుంత ఆ బోర్డు మీద ఎక్కడా లేదు. ఉన్నదల్లా తిరుగుదారి. బయల్దేరిన ప్రతి చుక్కా ట్రాన్స్‌ఫార్మర్ ఇంటికి తిరిగి రావాల్సిందే, వచ్చే దారిలో ఎవరి గడప తొక్కుతూ వస్తుందన్నదే లేఅవుట్ గీసేవాడు చూసుకోవాల్సింది.

తమాషా ఏమిటంటే మన బడి పుస్తకాల్లో దీనికి ఎంత మంచి మాట ఉంది! విద్యుత్ వలయం. వలయమంటే గాజు. మొదలు చివర లేనిది. ఆ మాటలోనే తిరిగి రావడం ఉంది. పదో తరగతి పరీక్షలో దాన్ని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, ఒక్కసారైనా గుండ్రంగా ఊహించుకోలేదు. బ్యాటరీ నుంచి బల్బు దాకా పోయే గీత ముదురుగా, తిరిగొచ్చే గీత ఏదో బొమ్మ పూర్తి చేయడానికి గీసినట్టు గీసేవాణ్ణి.

మామ మాట పట్టుకుని మగ్గం దగ్గర కూచున్నాను. నాడె కుడి నుంచి ఎడమకు పోయింది, దెబ్బ పడింది, ఎడమ నుంచి కుడికి వచ్చింది, మళ్లీ దెబ్బ. వచ్చిన పోగు పోయిన పోగును ఆనుకుని పడుకుంది. మధ్య వెంట్రుక కూడా దూరదు. అచ్చం అట్లాగే ఉండాలి బోర్డు మీద కూడా. కరెంటు పోయే దారికీ వచ్చే దారికీ మధ్య ఎంత చోటు వదిలితే అంత పెద్ద ఉచ్చు. ఆ ఉచ్చు చుట్టూ అయస్కాంత క్షేత్రం లేస్తుంది, పక్కనున్న సన్నటి ఇన్‌పుట్ గీతల్ని అది తాకుతుంది. పోయేదీ వచ్చేదీ ఒకదాన్నొకటి ఆనుకుని నడిస్తే ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. అందుకే ఆంప్లిఫయర్ పెట్టెలో తీగల్ని జతలుగా మెలేస్తాం. ధర్మవరంలో దానికి వేరే మాట వెతుక్కోవాల్సిన పని లేదు, పురి పెట్టడం అంటే చాలు.

పవర్ ఆంప్లిఫయర్‌లో దీనికి ఇంకో మెలిక ఉంది. పాట తరంగంలో పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్ మోస్తుంది, కింది సగాన్ని ఇంకొకటి. కాబట్టి ప్లస్ గీతలో పారేది సగం పాట, మైనస్ గీతలో పారేది తక్కిన సగం. సగం పాట అంటే పాట కాదు, నరికిన ముక్క, దాంట్లో అసలు లేని స్వరాలు బోలెడు పుడతాయి. నా అందమైన బోర్డులో ప్లస్ ఒక అంచున, మైనస్ ఎదుటి అంచున, మధ్యలో ఇన్‌పుట్. రెండు ముక్కలూ చెరో పక్క నుంచి పసిబిడ్డ చెవిలో అరుస్తున్నాయన్నమాట. రెండింటినీ పక్కపక్కనే నడిపిస్తే బయటికి వాటి కలయిక, అంటే నిండు పాట మాత్రమే తెలుస్తుంది. ఇంగ్లండులో డగ్లస్ సెల్ఫ్ అనే ఆయన 1990లలో దీన్ని కొలిచి చూపించాడు. పవర్ ఆంప్లిఫయర్‌లో డిస్టార్షన్ ఎన్ని చోట్ల పుడుతుందో ఒక్కొక్కటిగా విడదీసి వ్యాసాలు రాశాడు, పుస్తకం వేశాడు. ఆయన ఎత్తి చూపిన వాటిలో కొన్ని సర్క్యూట్ పటంలో వెతికినా దొరకవు. తీగ ఎటు తిరిగింది, ఎక్కడ అతికారు అన్నదాంట్లో ఉంటాయి. ఆ పుస్తకం చేతికొచ్చేసరికి నాకు ముప్పై దాటాయి. చదువుతూ చదువుతూ మామకు ఫోన్ చేయాలనిపించింది.

అందులోదే ఇంకొకటి చెప్పాలి. ఆంప్లిఫయర్ తన తప్పును తాను దిద్దుకోవడానికి చివర నుంచి కొంత సంకేతాన్ని మొదటికి తిరిగి పంపించుకుంటుంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. ఆ వార్త ఎక్కడి నుంచి తీసుకోవాలి? రెండు ట్రాన్సిస్టర్ల దార్లు కలిసి స్పీకరుకు బయల్దేరే ఆ ఒక్క బిందువు నుంచి. దానికి ఒక సెంటీమీటరు ఇవతల, ఒక ట్రాన్సిస్టర్ దారిలోనే అతికితే సగం సంగతే వస్తుంది, ఆ సగం చూసి ఆంప్లిఫయర్ లేని తప్పును దిద్దబోతుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడాది కరువు అంచనాకు వచ్చినవాళ్లు జీపు దిగకుండా, రోడ్డు పక్కన బోరు కింద పచ్చగా ఉన్న చేను చూసి రాసుకుపోయినట్టు. మా వైపు వాళ్లకు ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైల్లో పెనుకొండ వస్తుంది. కిటికీలోంచి కొండ కనబడుతుంది. 1565లో తళ్లికోట దగ్గర ఓడాక విజయనగరం తిరుగుదారి పట్టి చేరిన ఊరు. చరిత్ర పుస్తకాలకు ఆ సంగతి ముఖ్యం. నాకు మాత్రం అంతకు దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి మనిషి గుర్తొస్తాడు. 1388 నాటి శాసనంలో ఉన్నాడు, పేరు సింగయభట్టు. పది విద్యలు తెలిసినవాడని, జలసూత్రమెరిగినవాడని బిరుదులు. హరిహరరాయల కొడుకు బుక్కరాయలు నిండు కొలువులో ఆయన్ను పిలిచి, పెన్న నీళ్లను పెనుకొండకు తీసుకురమ్మన్నాడు. సింగయభట్టు సిరువేర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి రాజు పేరు పెట్టాడు. ఆయన చేతిలో గ్రాఫ్ కాగితం లేదు. నేల వాలు ఏ మూలకు ఎంతుందో చూసుకుంటూ, గట్టి రాయి వస్తే తప్పుకుంటూ, నీళ్లు వాటంతటవే నడిచేట్టు దారి గీశాడు. నాకు తెలిసిన లేఅవుట్ పనివాళ్లలో పెద్దవాడు ఆయనేనని చెప్పుకుంటూ ఉంటాను. ఒక్క వెసులుబాటు ఆయనకుంది, నీళ్లకు తిరుగుదారి గీయాల్సిన పని లేదు. ఆ దారి మబ్బుల్లో ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే మా సీమలో ఆ మబ్బులు ఎంత నమ్మకంగా తిరిగొస్తాయో అందరికీ తెలిసిందే.

పెనుకొండ ఎత్తితే లేపాక్షి ఊరుకోదు. నేలకు ఆనకుండా వేలాడుతుందని చెప్పే అక్కడి గుడి స్తంభం కింద గుడ్డ దూర్చి ఇటు నుంచి అటు లాగని వాళ్లు మా జిల్లాలో ఉండరు. మా పనివాళ్ల మధ్య దాని పేరు ఫ్లోటింగ్ గ్రౌండ్, అంటే నేలకు తగలని ఎర్తు. హమ్ము రాకపోవడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నేను తర్వాత బెంగళూరులో బోర్డులు గీసే ఉద్యోగంలో చేరాను. హిందూపురం నుంచి నూరు కిలోమీటర్లు. సీజన్ టికెట్టు తీసుకుని ఇరవై ఏళ్లు పోయి వచ్చాను. పొద్దున పోయే రైలు గురించి అందరూ మాట్లాడతారు, ఎన్ని గంటలకు, సీటు దొరికిందా, ఎవరెవరు ఎక్కారు. రాత్రి రైలు గురించి అడిగేవాళ్లు తక్కువ. బరువంతా దాంట్లోనే ఉంటుంది. ఆఫీసులో తిన్న చీవాట్లు, సంతకం కాని కాగితాలు, పిల్లలకు కొన్న బిస్కెట్లు, గౌరీబిదనూరు దాటాక నిద్రలో పక్కవాడి భుజం మీద పడే తల. ఇంటికి చేరేసరికి ఎవరి గడప తొక్కుతామో, ఎవరి నిద్ర చెడగొడతామో మనకే తెలియదు. మా ఇంట్లో ఆ 5 మిల్లీ వోల్టులు ఎవరు భరించారో నాకు తెలుసు. ఆమె ఈ వ్యాసం చదువుతుంది కాబట్టి ఇంతటితో ఆపుతాను.

మొన్న సంక్రాంతికి అక్క కొడుకు ఒక ఆంప్లిఫయర్ పట్టుకొచ్చాడు. 2019 నుంచి కార్లు తయారవుతున్న పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఆదివారాలు ఇదే పిచ్చి. మేనమామ పోలిక అని అక్క నన్ను ఇప్పటికీ తిడుతుంది. గోళ్లరంగు రోజులు పోయాయి. కీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఫ్రాన్సులో జాన్ పియర్ షరాస్ 1992లో మొదలుపెట్టిన దాంట్లో, వీడు బోర్డు గీస్తాడు. ఫైలు పంపితే పది రోజుల్లో పచ్చటి బోర్డు ఇంటికొస్తుంది. తూట్లు కూడా వేసే ఉంటాయి. ఐసీ ఎల్‌ఎం3886, పదకొండు కాళ్లు, 4 ఓమ్‌ల స్పీకరు మీద 68 వాట్ల దాకా లాగుతుంది. నా చిన్నప్పటి మైకుసెట్టు బలమంతా అగ్గిపెట్టెంత నల్లటి ముక్కలో. స్విచ్ వేశాడు. గుయ్యిమంది.

బోర్డు తీసి చూశాను. గీతలే లేవు. కింది పొరంతా ఒకటే రాగి పరుపు.

"అదంతా గ్రౌండే మామా. ప్లేన్ పోసేసినా. ఎక్కడ పెట్టినా ఒకటే గదా."

పరుపు వేసినంత మాత్రాన 100 గుక్కల గుమ్మరింపు మర్యాదగా ఒక వారగా నడవదు. తిరునాళ్లలో జనంలా, దొరికిన చోటంతా పరుచుకుని పోతుంది. ఇన్‌పుట్ దాని మధ్యలోనే కూచుంది. ఇదంతా చెప్పబోయి, వాడి చేతికి పెన్సిలు ఇచ్చాను. ప్లస్ దగ్గర పెట్టి పోనీ అన్నాను. పోయాడు. కెపాసిటర్, ఐసీ, స్పీకరు, రాగి పరుపు. అక్కడ ఆగాడు.

"మళ్లా యెట్ల వస్తాది?" అన్నాను.

వాడు చాలాసేపు చూశాడు. తర్వాత ఏమీ అనకుండా డ్రిల్లు తీసుకుని రాగి పరుపును రెండు చోట్ల గీకేశాడు. రెండు లావు తీగలు తెచ్చి, పురి పెట్టి, కెపాసిటర్ల నడుమకు అతికాడు. మేము అప్పుడు ధర్మవరంలో, మామ ఇంట్లోనే ఉన్నాం. మామకు ఇప్పుడు చూపు ఆనడం లేదు, గ్రాఫులు పక్కన పెట్టి పదేళ్లవుతోంది. ఆయన మంచం మీది నుంచే, "అయిందేమిరా?" అన్నాడు.

వాడు స్విచ్ వేశాడు. స్పీకరుకు చెవి ఆనించాను. పక్కింట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడింది.